ఉదాహరణకి మా ఆయన

టీచరమ్మ కళ్ళజోడు కుడి కాడ మళ్ళీ వదులైంది. అద్దాలాయన దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని, చొక్కా జేబులోంచి చిటికెన వేలంత స్క్రూడ్రైవరు తీసి, ఊపిరి బిగబట్టి ఒక్క మెలిక తిప్పాడు. రోజూ పొద్దున్నే టీ చల్లారేలోపు జరిగే పని ఇది. ఆవిడ కళ్ళజోడుని ఒంటిచేత్తో లాగి పారేస్తుంది. రెండు చేతులతో తియ్యాలి, లేకపోతే స్క్రూ వదులైపోతుంది అని ఆయన పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటిదాకా చెబుతూనే ఉన్నాడు. ఆవిడ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తూనే ఉంది.

"ఇవాళ ఏం పాఠం?" అన్నాడు, ఏమీ తెలియనట్టు.

"మీకు తెలుసుగా."

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. ఆ సీసా గొడవ ఈసారైనా వదిలెయ్యి."

ఆవిడ టీ గుక్క మింగి, కళ్ళజోడు అందుకుని, ఒంటిచేత్తో పెట్టుకుంది. "ఏవండీ, ఉదాహరణ బుర్రలో నిలబడాలంటే అందులో నిజం ఉండాలి. ఆ పంచదార సీసా పగలగొట్టింది మీరే కదా?"

"ఎన్నేళ్ళ కిందటి సీసా అది!"

"చూద్దాం లెండి," అంది ఆవిడ. టీచరమ్మ నోట చూద్దాం అంటే అవుననీ కాదు, కాదనీ కాదు. ఆయన మెట్లు దిగాడు.

ఆ వీధిలో కింద కళ్ళద్దాల దుకాణం, పైన రెండు గదులు. వెనక గదిలో కాపురం, ముందు గదిలో సాయంత్రం పూట ఇంగ్లీషు క్లాసు. పైగదుల నేల చెక్కది. పైన మాట్లాడిన ప్రతి మాటా కింద సాన చక్రం దగ్గర కూర్చున్న మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పినట్టే వినిపిస్తుంది. ఆయన ఇంగ్లీషు ఎక్కడా నేర్చుకోలేదు, కానీ ఇంగ్లీషువాళ్ళు సరదాకి వాడే జాతీయాలు మాత్రం వరసగా అప్పజెప్పగలడు. ప్రతి జాతీయంలోనూ తనే ఉన్నాడు మరి, ఎలా మరిచిపోతాడు?

మొదట్లో టీచరమ్మ పుస్తకంలో ఉన్న ఉదాహరణలే చెప్పేది. ఎవరో జాను, ఎవరో మేరీ. బెంచీల మీద ఆవలింతలు. పగలంతా బస్సులు తోలి, బిల్లులు కొట్టి, రోగుల పక్కలు సర్ది వచ్చిన జనం, వాళ్ళని మాత్రం ఏమనగలం? ఓ రోజు ఆవిడకి విసుగొచ్చి, కౌచ్ పొటాటో అంటే సోఫాకి అతుక్కుపోయి కదలని బద్ధకస్తుడు, "ఉదాహరణకి మా ఆయన" అంది. గది మొత్తం మేలుకుంది. ఆ రోజు నుంచి పుస్తకం మూతపడింది, మొగుడు తెరుచుకున్నాడు.

దగ్గొస్తే ఆయన 'అండర్ ద వెదర్', అంటే ఒంట్లో నలతగా ఉన్నాడన్నమాట. దాచమన్న సంగతి నోరుజారి పక్కింట్లో చెబితే ఆయన 'స్పిల్డ్ ద బీన్స్'. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తే 'హిట్ ద సాక్'. బ్యాచీ మారేది, ఉదాహరణ మారేది కాదు. కొత్తవాళ్ళు క్లాసయ్యాక మెట్లు దిగుతూ దుకాణంలోకి తొంగిచూసేవాళ్ళు. పొట్టి మనిషి, బుర్ర మీద నాలుగు వెంట్రుకలు, నుదుటి మీదికి ఎక్కించిన సొంత కళ్ళజోడు, మెడలోంచి మోకాళ్ళ దాకా నీటిమరకల ఏప్రను. అద్దపు పొడితో వేళ్ళ చివర్లు తెల్లగా, కుడి బొటనవేలి గోరు చక్రానికి అరిగి అరిగి ఏటవాలుగా. "ఈయనేరా!" అని గుసగుసలాడుకుని, మూతికి చెయ్యడ్డం పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఓసారి ఆయన్ని అండర్ ద వెదర్ చేసిన మర్నాడు ఒక నర్సమ్మ పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చింది. ఆయన గుండ్రాయిలా ఉన్నాడు. "అది పాఠమమ్మా, రోగం కాదు," అన్నాడు. పళ్ళు మాత్రం తిరిగివ్వలేదు.

ఇవన్నీ ఆయనకి సరదానే. లోపల్లోపల కాస్త గర్వం కూడా. ఒక్కటే గుచ్చుకుంది. 'ఆల్ థంబ్స్'.

చేతులకున్న వేళ్ళన్నీ బొటనవేళ్ళే అయితే ఏ వస్తువూ పట్టు చిక్కదు. ఏది పట్టుకున్నా జారవిడిచే మొద్దుచేతుల మనిషిని అలా అంటారు. ఉదాహరణకి మా ఆయన, వంటింట్లో పంచదార సీసా భళ్ళుమనిపించాడు. అందరూ నవ్వారు. కింద ఆయన కూడా నవ్వబోయి ఆగిపోయాడు. ఎందుకంటే ఆ బ్యాచీలోనే ఒక బ్యాంకు గుమస్తా ఉంది. అంతకు ముందురోజే ఫ్రేము ఎంచుకుని, అద్దాలు బిగించమని ఇచ్చి వెళ్ళింది. క్లాసయ్యాక దిగివచ్చి, ఎంతో మర్యాదగా, "ఏమీ అనుకోకండి, మా ఇంటి దగ్గర ఇంకో షాపుంది, అక్కడ చేయించుకుంటాను," అని ఫ్రేము వెనక్కి తీసుకుపోయింది. ఆయనకి తలకొట్టేసినట్టయింది. బద్ధకస్తుడను, వాగుడుకాయను అను, పడతాడు. కానీ చేతుల్నంటే? గాజుని వెంట్రుకవాసి తేడా లేకుండా అంచు తీర్చే చేతులవి. ఈ వీధిలో సగం మంది ఆ చేతుల మీదుగానే లోకాన్ని చూస్తున్నారు. వంటింట్లో ఆవిడ పక్కనే నిలబడి రెప్పవాల్చకుండా చూస్తూంటే ఎవరి చేతిలోంచైనా జారుతుంది!

అప్పట్నుంచీ ఆ పాఠం వచ్చినప్పుడల్లా ఆయన పొద్దున్నే అర్జీ పెట్టుకోవడం, ఆవిడ చూద్దామనడం, సాయంత్రానికి సీసా మళ్ళీ పగలడం. ఇవాళ ఈ కొత్త బ్యాచీకి ఆ వంతు వచ్చింది.

దుకాణం తలుపు తీసి, బల్ల తుడిచి, సాన చక్రం మీదికి నీటి చుక్కలు పడేలా కుళాయి సన్నగా తిప్పాడు. ఇవాళ బల్లమీద ఒకే పని పెట్టుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు.

టీచరమ్మకి చూపు తగ్గింది. ఆవిడ ఒప్పుకోలేదు, ఒప్పుకోదు కూడా. కానీ ఆయనకి నేల చెప్పింది. ఇదివరకు క్లాసు మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఆవిడ అడుగులు బోర్డు దగ్గరే వినిపించేవి. ఈమధ్య ఎవరైనా ప్రశ్న వేస్తే చాలు, టకటకమని వెనక బెంచీ దాకా నడిచి వెళ్ళి, ఎవరన్నదీ చూసుకున్నాక గానీ జవాబు చెప్పడం లేదు. అడిగితే, "పిల్లల దగ్గరికి వెళ్ళి చెబితే బాగా ఎక్కుతుంది," అంది. పిల్లలట! ఆ బెంచీలో కూర్చునే బస్సు డ్రైవరుకి మనవలున్నారు.

సూటిగా పరీక్షకి రమ్మంటే రాదని తెలుసు. అందుకని పోయిన వారం అద్దాల పెట్టె పట్టుకుని మేడ మీదికి వెళ్ళి, "ఈ టెస్టు అద్దాలు పాతబడి మసకబారాయేమోనని అనుమానంగా ఉంది, నీ కళ్ళతో ఓసారి చూసి చెప్పు," అన్నాడు. ఒకరి సరుకులో లోపం పట్టమంటే టీచరమ్మకి ఎక్కడలేని హుషారు వస్తుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక్కో అద్దం పెట్టుకుని, గోడమీది అక్షరాలు చదివి, "ఇది బాలేదు, పారేయండి. ఇది పరవాలేదు. ఇది ఇందాకటికంటే నయం," అని దర్జాగా తీర్పులిచ్చింది. దూరం పవరూ దగ్గర పవరూ రెండూ ఆయన చేతికి వచ్చేశాయి. కళ్ళ మధ్య దూరం కొలవనక్కర్లేదు. అది ఆయనకి నోటికొచ్చు.

ఫ్రేము కూడా అచ్చం పాతదే, నల్లది, గుండ్రటిది. ఆవిడకి మార్పు నచ్చదు. రేపు పొద్దున స్క్రూ బిగించే వంకతో పాతది తీసుకుని, కొత్తది చేతిలో పెట్టేస్తాడు. ఆవిడ పెట్టుకుని, బోర్డు దగ్గర్నుంచి కదలకుండా వెనక బెంచీ మొహాలన్నీ చూస్తుంది. ఏం చేశారండీ అని అడుగుతుంది. ఏమీ లేదే, స్క్రూ బిగించానంతే అంటాడు. ఆ ముక్క నాలుగు రోజులుగా మనసులో చెప్పుకుని చెప్పుకుని నవ్వుకుంటున్నాడు.

ఎడమ అద్దం పొద్దున్నే లొంగింది. కుడిదాన్ని చక్రానికి ఆనించి తిప్పుతూంటే ఎడమ భుజంలోంచి మోచేతి దాకా ఒక లాగుడు వచ్చింది. అద్దం పక్కన పెట్టి, భుజం రుద్దుకున్నాడు. వంగి వంగి పని చేస్తే నరాలు పట్టెయ్యవూ? మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం దాటాక బస్సు డ్రైవరు వచ్చాడు, ముక్కు మీద ఆనే ముక్క విరిగిందని. భారీ మనిషి, క్లాసులో వెనక బెంచీ, నవ్వులకి పైగది నేల అదిరేది అతనివల్లే. అద్దాలాయన భుజం పట్టుకుని ఉండటం చూసి కన్నుగీటాడు.

"ఏం సార్, అండర్ ద వెదరా?"

"అది పోయిన వారం పాఠమయ్యా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. అద్దాలాయన ముక్కు ముక్క మార్చి, ఫ్రేము నిటారు చూసి, డ్రైవరు చెవుల వెనక వేలుతో తడిమి, కాడ కాస్త వంచి, "ఇప్పుడు చూడు," అన్నాడు. డ్రైవరు తలని అటూ ఇటూ విదిలించాడు. కళ్ళజోడు చెక్కుచెదరలేదు.

"భలే చెయ్యి సార్ మీది."

"ఆ మాట సాయంత్రం పైన గట్టిగా అను, పుణ్యముంటుంది."

డ్రైవరుకి అర్థం కాలేదు. అతనింకా ఆ పాఠం వినలేదు.

పొద్దు వాలేసరికి కుడి అద్దం కూడా అంచు తీరింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. నర్సమ్మవి రబ్బరు అడుగులు, డ్రైవరువి పిడుగులు, కొత్తగా చేరిన దర్జీవి తడబడే అడుగులు. బెంచీలు జరిగాయి. టీచరమ్మ గొంతు సవరించుకుంది. అద్దాలాయన ఫ్రేముని కాస్త వెచ్చబెట్టి, అద్దాలని ఒక్కొక్కటే గాడిలోకి నొక్కాడు. ఎడమది టక్కున కూర్చుంది. కుడిది కూడా.

పైన పాత పాఠాల పునశ్చరణ నడుస్తోంది. 'కిక్ ద బకెట్' అంటే చచ్చిపోవడమట, సరదాగా అనే మాట. చావుకీ బకెట్‌కీ ఏమిటి చుట్టరికమో ఆయనకి ఇప్పటికీ బుర్రకెక్కలేదు. ఆ ఒక్క జాతీయానికి మాత్రం ఆవిడ ఇంటి ఓనర్ని వాడుకునేది. ఓసారి ఆయన అడిగాడు కూడా, బతికున్న మనిషిని పాపం అలా చంపుతావేమిటని. "పిల్లికి బిచ్చం పెట్టని మనిషి, ఇలాగైనా నలుగురికీ ఉపయోగపడనీండి," అంది. "మరి నన్నెందుకు పెట్టవు దానికి?" అంటే, "మీకా పనికి కూడా బద్ధకమే," అని లేచి వెళ్ళిపోయింది. అలా లేచి వెళ్ళిపోవడం ఆవిడ అలవాటు కాదు. ఆయన మళ్ళీ అడగలేదు.

"ఇక ఇవాళ్టిది," అంది పైనుంచి టీచరమ్మ గొంతు. సుద్దముక్క బోర్డు మీద టకటకలాడింది. "ఆల్ థంబ్స్."

అద్దాలాయన స్క్రూడ్రైవరు తీశాడు. కుడి కాడ స్క్రూ మొనని రంధ్రంలో పెట్టి, తిప్పకుండా ఆగాడు. చెయ్యి కదిలితే ఒక్క మాటైనా వినబడకుండా పోతుందేమోనని.

"ఏ వస్తువు పట్టుకున్నా చేజార్చే మొద్దుచేతుల మనిషి," అంది ఆవిడ. "ఉదాహరణకి..."

"మీ ఆయన!" అని నలుగురైదుగురు ఒక్కసారే అందుకున్నారు. నవ్వులు.

"కాదు," అంది టీచరమ్మ. "నేను."

నవ్వులు ఆగిపోయాయి.

"ఐ యామ్ ఆల్ థంబ్స్. రాసుకోండి. సూదిలో దారం నేనెక్కిస్తే తెల్లారిపోతుంది. కళ్ళజోడు స్క్రూ నేను బిగిస్తే స్క్రూ దొరకదు. నా చేతుల్లో నిలిచేది ఈ సుద్దముక్క ఒక్కటే. ఆ పనులన్నీ మా ఆయన చేస్తాడు. ఆయన చెయ్యి తిరిగిన మనిషి."

వెనక బెంచీలోంచి ఎవరో, "పంచదార సీసా పగలగొట్టారటగా టీచర్? పాత బ్యాచీవాళ్ళు చెప్పారు," అన్నారు.

"పగిలింది. నేను పక్కన నిలబడి అదేపనిగా చూస్తూంటే చేజారింది. తప్పు చూసినదానిది." ఆ వెంటనే, "కళ్ళజోళ్ళు కావలసినవాళ్ళు ఇంకో షాపుకి వెళితే మీకు ఇంగ్లీషూ రాదు, చూపూ రాదు," అంది.

"మధ్యాహ్నం నా కళ్ళజోడు చేశారు టీచర్, భలే చెయ్యి!" అని డ్రైవరు గర్జించాడు. నేల అదిరింది. చెక్కల సందుల్లోంచి రాలిన దుమ్ము కింద బల్లమీద పడింది.

అద్దాలాయన మనసు నిండిపోయింది. అంతకంటే దాన్ని మరోలా చెప్పడం కుదరదు. ఇన్నేళ్ళ అర్జీ ఒక్క మాటలో తీరిపోయింది. తను లేనప్పుడు, తను వినడం లేదనుకుని అన్న మాట కాదు అది. ఆయన కింద కూర్చుని ప్రతి అక్షరం వింటాడని ఆవిడకి తెలుసు. ఎప్పుడూ తెలుసు. ఇన్నాళ్ళూ ఆవిడ చెప్పిన ఉదాహరణలన్నీ బెంచీల కోసం ఎంతో, నేల కింద మనిషి కోసం కూడా అంతే.

ముక్కు ఎగబీల్చి, స్క్రూ తిప్పాడు. కుడిదీ, ఎడమదీ, బాగా గట్టిగా, ఒంటిచేత్తో ఎంత లాగినా చాలాకాలం ఓర్చుకునేలా. అద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచి, దీపానికి అడ్డం పెట్టి చూశాడు. ఒక్క మరక లేదు. ఏ పని ముగిసినా ఆయన అనే ఇంగ్లీషు ముక్క ఒకటుంది. ఈ పూటకి చాలు, పని కట్టేద్దాం అని దానర్థం. "కాల్ ఇట్ ఎ డే," అన్నాడు చక్రంతో, కుళాయి కట్టేస్తూ. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. భుజంలో లాగుడు మళ్ళీ వచ్చింది, ఈసారి ఛాతీలోకి కూడా. కళ్ళజోడు గుడ్డలో పెట్టి చేతిలో పట్టుకుని, కాసేపు నడుం ఆనిద్దామని స్టూలుని గోడవైపు జరుపుకున్నాడు.

క్లాసయింది. జనం మెట్లు దిగారు. ఇవాళ తొంగిచూసి పారిపోవడానికి కాదు, పలకరించడానికే అందరూ దుకాణం గుమ్మం దగ్గర ఆగారు. అద్దాలాయన గోడకి తల ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదవుల మీద నవ్వు పూర్తిగా ఆరలేదు. డ్రైవరు పెదవుల మీద వేలు పెట్టుకుని, వెనకవాళ్ళని ఆపాడు.

"హిట్ ద సాక్," అన్నాడు గుసగుసగా.

మూతులకి చేతులడ్డం పెట్టుకుని, ఆయన నిద్ర చెడగొట్టకూడదని, అంతమందీ మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయారు. అంత పెద్ద డ్రైవరు కూడా చప్పుడు చెయ్యలేదు.

టీచరమ్మ చివర్న దిగింది. "విన్నారా? ఇప్పటికైనా శాంతించారా?" అంటూ వచ్చింది. జవాబు రాకపోతే, బెట్టు చేస్తున్నాడనుకుని ఎదురుగా నిలబడి కాసేపు చూసింది. తరవాత చేతిలోని గుడ్డ అందుకుంటూ ఆయన వేళ్ళని తాకింది. ఆయన పోయి అప్పటికే కొంతసేపయింది. ఆ వేళ్ళు మాత్రం కళ్ళజోడుని జారనివ్వలేదు.

క్లాసు కొన్నాళ్ళు మూతపడి, మళ్ళీ తెరుచుకుంది. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతోందని ఆవిడే తెరిచింది. మొదటిరోజు ఆ కొత్త కళ్ళజోడుతో బోర్డు దగ్గర నిలబడి తలెత్తితే వెనక బెంచీ దాకా అందరి మొహాలూ స్పష్టంగా కనిపించాయి. డ్రైవరు గడ్డం మీద నెరిసిన వెంట్రుకలు కూడా. టెస్టు అద్దాలు మసకబారాయని తనని కూర్చోబెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బోర్డువైపు తిరిగి, అవసరం లేకపోయినా చాలాసేపు తుడిచింది.

బ్యాచీ మారింది, మళ్ళీ మారింది. పాఠాలు అవే. సోఫాకి అతుక్కుపోయేవాడు ఇప్పటికీ మా ఆయనే, దగ్గితే నలతపడేవాడు మా ఆయనే. బకెట్ దగ్గర ఇంటి ఓనరే ఏటా చనిపోతున్నాడు, పాపం. కొత్తవాళ్ళు మెట్లు దిగుతూ, ఈ వింత మనిషి ఎలా ఉంటాడో చూద్దామని కింద దుకాణంలోకి తొంగిచూస్తారు. బ్యాచీలు మారినా క్లాసు వదలని నర్సమ్మో, డ్రైవరో మెల్లిగా వాళ్ళ భుజం తట్టి ముందుకు నడిపిస్తారు.

ఆల్ థంబ్స్ వచ్చిన రోజు టీచరమ్మ తనని తనే ఉదాహరణగా చెప్పుకుంటుంది. నవ్వులు ఆగాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంది, రెండు చేతులతో, నెమ్మదిగా. ఒంటిచేత్తో తియ్యడం ఆవిడ మానేసింది. ఆయన ఆఖరిసారి బిగించిన స్క్రూలవి, వాటిని మరొకరిని బిగించనివ్వడం ఆవిడకి ఇష్టం లేదు. అవి ఇంతవరకూ వదులు కాలేదు, ఎవరూ తిప్పాల్సిన పని పడలేదు, సుద్దముక్కల డబ్బాలో ఆ చిటికెన వేలంత స్క్రూడ్రైవరు పొడి పట్టి తెల్లగా పడి ఉంది.